నరాల జబ్బుల వైద్యం నిజంగా ఎంత ముందుకొచ్చింది?

వానచినుకు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి పార్కిన్సన్స్. మాత్ర వేసుకున్న గంటకి బాగానే తిరుగుతారు, మళ్లీ డోసు వేళ దగ్గరపడేసరికి కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. డీబీఎస్ (మెదడులోకి తీగలు పంపి కరెంటు ఇవ్వడం) ఆపరేషన్ గురించి ఆలోచించమని డాక్టరుగారు అన్నారు. ఇంట్లో తలో మాట. అక్క రోజుకో వీడియో పంపిస్తుంది, స్టెమ్ సెల్స్‌తో ఎవరికో పూర్తిగా నయమైందట. బాబాయి "నరాల జబ్బుకి మందేంటమ్మా, ఉన్నన్నాళ్లు చూసుకోవడమే" అంటారు. అమ్మకి తలలో రంధ్రం అన్నమాట వింటేనే టెన్షన్. ఈ మధ్య మెదడు జబ్బుల వైద్యంలో పెద్ద మార్పులొచ్చాయని పేపర్లలో చదువుతున్నాను. అందులో నిజమెంత, ప్రచారమెంత? మా నాన్నగారి సంగతే కాదు, మిగతా జబ్బుల గురించీ తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రిడ్యూటీ:
నేను పక్షవాతం వార్డులో నర్సుని. మీ బాబాయిగారి మాట ఒకప్పుడు మా వార్డుకి సరిగ్గా సరిపోయేది. మంచం మీద తిప్పడం, పుండ్లు పడకుండా చూడడం, ఫిజియోకి పంపడం, అంతే. 1995లో టీపీఏ అనే గడ్డ కరిగించే మందు మీద అమెరికాలో చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి, మరుసటి ఏడాది అక్కడ అనుమతి వచ్చింది. మొదట్లో మూడు గంటల లోపే ఇవ్వాలి అన్నారు. 2008లో వచ్చిన మరో ట్రయల్‌తో అది నాలుగున్నర గంటలైంది.

అసలు మలుపు 2015. పెద్ద రక్తనాళంలో గడ్డ ఇరుక్కుంటే తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి, గడ్డని బయటికి లాగేస్తారు. థ్రాంబెక్టమీ అంటారు. దాని మీద ఐదు ట్రయల్స్ ఒకే ఏడాది ప్రచురితమయ్యాయి, ఐదూ అనుకూలమే. మాట పడిపోయి, కుడి చెయ్యీ కాలూ కదలని స్థితిలో వచ్చిన మనిషి ప్రొసీజర్ అయిన కాసేపటికే మంచినీళ్లడగడం నేను చూశాను. అందరికీ అలా జరగదు, కానీ జరుగుతుంది.

2018లో ఇంకో రెండు ట్రయల్స్ వచ్చాయి. స్కాన్‌లో ఇంకా బతికున్న భాగం తగినంత కనిపిస్తే 24 గంటల దాకా కూడా గడ్డ తీయొచ్చని తేలింది. మాకు తలనొప్పి మొదలైందీ ఇక్కడే. "24 గంటలు టైముందట కదా" అని తెల్లారేదాకా ఆగి తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు, అంటే నరాల కణాలు, పోతాయని 2006లో లెక్కగట్టారు. ఆ 24 గంటలు స్కాన్ చూసి ఎంపిక చేసిన కొందరికే.

ఇంకో సంగతి. మేం ముందుగా అడిగే ప్రశ్న "ఎప్పుడు మొదలైంది" అని కాదు, "ఆఖరుసారి మామూలుగా ఎప్పుడున్నారు" అని. రాత్రి పదింటికి బాగా ఉండి పడుకున్న మనిషి పొద్దున ఆరింటికి మూతి వంకరతో లేస్తే లెక్క పదింటి నుంచే. దయచేసి ఆ టైము గుర్తుపెట్టుకుని రండి. ఇంట్లో ఆస్పిరిన్ వేసి తీసుకురాకండి, లోపల రక్తం కారుతోందో గడ్డకట్టిందో స్కాన్ చేస్తేగానీ తెలీదు.

ప్రశ్నార్థకం:
రాత్రిడ్యూటీ గారూ, మీ పనికి దండం. కానీ అది రక్తనాళం సంగతి. ప్లంబింగ్ బాగుపడింది, ఒప్పుకుంటా. న్యూరాన్లు వాటంతటవే చచ్చిపోయే జబ్బుల్లో ఏం సాధించారు? అల్జీమర్స్‌కి లెకానిమాబ్ అనే మందు వచ్చినప్పుడు పేపర్లు పండగ చేసుకున్నాయి. తీరా చూస్తే తేడా ఎంత? జబ్బు తీవ్రత కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద, ఏడాదిన్నర తర్వాత, మందు తీసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకీ మధ్య 0.45 పాయింటు. దాన్నే "27 శాతం నెమ్మదించింది" అని రాశారు. రెండూ నిజమే, ఏది రాస్తే అమ్ముడుపోతుందో అది రాశారు.

పాతలెక్చరర్:
ప్రశ్నార్థకం గారు చెప్పిన అంకె సరైనదే. నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపిక పట్టండి.

1,795 మంది మీద జరిగిన ట్రయల్ అది. అందరూ తొలిదశ వాళ్లే. మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్‌లో ఎక్కించాలి, మధ్యమధ్యలో ఎమ్మారై తీస్తూ ఉండాలి. ఎందుకంటే మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి మెదడులో వాపు కనిపించింది. చాలామందికి పైకి ఏ లక్షణమూ లేదు, కొందరికి ప్రమాదకరమే. ఏపీఓఈ4 జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులు వచ్చినవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. 2023 జులైలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది, ఏడాదికి అలాంటిదే డొనానెమాబ్ అనే మందుకి వచ్చింది. ఇవి రెండూ మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ని బాగానే తీసేస్తాయి. కానీ నిప్పు ఆర్పినంత మాత్రాన కాలిన ఇల్లు తిరిగి లేవదు. మతిమరుపు పైకి కనబడే నాటికి అమిలాయిడ్ చేరడం మొదలై పదిహేను ఇరవై ఏళ్లు అయ్యుంటుంది.

అందుకే నా దృష్టిలో ఆ మందు కన్నా పెద్ద వార్త రక్తపరీక్ష. పీ-టావ్217 అనే ప్రొటీన్‌ని చూసే పరీక్షకి 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇన్నాళ్లూ అమిలాయిడ్ ఉందో లేదో తేల్చుకోవాలంటే పెట్ స్కాన్ అయినా తీయాలి, వెన్నులో సూది గుచ్చి నీరైనా తీయాలి. మామూలు వాళ్లు భయపడి చేయించుకోవద్దు, అది జ్ఞాపకశక్తి తగ్గుతున్నవాళ్లకి ఉద్దేశించిన పరీక్ష.

ఇంక "ఏం సాధించారు" అన్న ప్రశ్న. ఎస్ఎంఏ సంగతి చూడండి. వెన్నుపాములో కండరాలని కదిలించే మోటార్ న్యూరాన్లు చచ్చిపోయే పుట్టుక జబ్బు. టైప్ 1 పిల్లలు కూర్చోలేరు, ఊపిరి కండరాలు కూడా బలహీనపడి, ఎక్కువమంది రెండేళ్లు దాటేవారు కాదు. కారణం ఎస్ఎంఎన్1 జన్యువు పనిచేయకపోవడం. మనుషుల్లో దానికి కవలలాంటి ఎస్ఎంఎన్2 ఉంది, కానీ అది తయారుచేసే ప్రొటీన్‌లో ఎక్కువభాగం అసంపూర్తి. 2016 డిసెంబరులో అనుమతి పొందిన నుసినెర్సెన్ ఆ రెండో జన్యువు చేత సరైన ప్రొటీన్ చేయిస్తుంది. 2019లో జన్యు చికిత్స వచ్చింది. వైరస్‌ని వాహనంగా వాడి మంచి జన్యువుని ఒకే ఒక్క ఇంజెక్షన్‌తో పంపుతారు. 2020లో రోజూ నోటితో తాగే రిస్‌డిప్లామ్ వచ్చింది. నాలుగేళ్లలో మూడు మందులు! లక్షణాలు కనబడక ముందే నుసినెర్సెన్ మొదలుపెట్టిన 25 మంది పసిపిల్లల ట్రయల్ ఒకటుంది. అందరూ బతికారు, అందరూ కూర్చున్నారు, ఎక్కువమంది నడిచారు. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ జబ్బు పేరు రాసి "చికిత్స: లేదు" అని బోర్డు మీద రాసేవాణ్ణి.

తోకచుక్క:
మాస్టారూ, ఆ చివరి వాక్యం చదివి ఒళ్లు జలదరించింది.

ప్రశ్నార్థకం:
ఎస్ఎంఏ విషయంలో వాదన లేదు. ఒకే జన్యువు, ఒకే లోపం, ఏం సరిచేయాలో తెలుసు. కానీ ఆ జన్యు చికిత్స ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన మందుల్లో ఒకటి అన్న మాట కూడా రాయాలి కదా. ఎంతమంది పిల్లలకి అందుతుంది? పెద్దయ్యాక మోటార్ న్యూరాన్లు చచ్చిపోయి ఒళ్లంతా చచ్చుబడే ఏఎల్ఎస్ సంగతేంటి? 1995లో రిలుజోల్ వచ్చింది, కొన్ని నెలల ఆయుష్షు ఇస్తుంది. 2022లో ఒక మందుని చిన్న ట్రయల్ చూసి అమెరికాలో అనుమతించారు, పెద్ద ట్రయల్‌లో తుస్సుమంది, 2024లో కంపెనీ తనే వెనక్కి తీసుకుంది. ఆ మధ్యకాలంలో ఆశపెట్టుకుని వాడినవాళ్ల సంగతి ఎవరూ రాయరు.

పాతలెక్చరర్:
వెనక్కి తీసుకోవడాన్ని కూడా పద్ధతి పనిచేసిందనే అంటాను నేను. పెద్ద ట్రయల్ జరిగింది, ఫలితం దాచలేదు. ఏఎల్ఎస్‌లోనే ఎస్ఓడీ1 జన్యులోపం ఉన్నవాళ్లకి 2023లో టోఫెర్సెన్ వచ్చింది. వాళ్లు మొత్తం రోగుల్లో రెండు శాతమే. అయినా ఆ రెండు శాతం ఎవరో తెలియాలంటే జన్యుపరీక్ష చేయాలి, ఏఎల్ఎస్ అని తేలిన ప్రతి ఒక్కరూ ఆ పరీక్ష అడగడానికి ఇప్పుడొక కారణం ఉంది. ఖర్చు గురించి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నా.

వానచినుకు:
చాలా తెలుసుకున్నాను. అయితే మా నాన్నగారి విషయంలో ఈ డీబీఎస్ ఏ రకం కిందకి వస్తుంది? జబ్బు ఆగుతుందా?

ఫిజియోఅన్న:
ఆగదమ్మా. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ ముందే స్పష్టంగా చెప్పండి, లేకపోతే తర్వాత నిరాశ పడతారు. డీబీఎస్ లక్షణాలని అదుపు చేస్తుంది. మెదడు లోపల సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న భాగంలోకి సన్నటి తీగలు పంపి, కాలర్ ఎముక కింద పేస్‌మేకర్ లాంటి బ్యాటరీ పెడతారు.

మా దగ్గర పనికొచ్చే లెక్క ఒకటుంది. మాత్ర బాగా పనిచేస్తున్న గంటలో నాన్నగారు ఎంత బాగుంటారో, ఆపరేషన్ తర్వాత ఇంచుమించు అంత బాగుంటారు. వణుకు ఒక్కటి మాత్రం మాత్రకి లొంగకపోయినా దీనికి లొంగొచ్చు. కాబట్టి మాత్ర వేసుకున్నా ఏది తగ్గట్లేదో గమనించండి. మాట ముద్దగా రావడం, తూలి పడిపోవడం, జ్ఞాపకశక్తి, వీటికి డీబీఎస్ పెద్దగా పనికిరాదు, మాట ఒక్కోసారి ఇంకా పాడవుతుంది కూడా. మీరు రాసిన కాళ్లు అతుక్కుపోవడం మాత్ర పనిచేస్తున్నప్పుడు ఉండదంటున్నారు కదా, అది మంచి గుర్తు.

ఈలోపు ఇంట్లో చేయగలిగింది: నేలమీద అడుగుకో అడ్డపట్టీ అంటించండి. దాన్ని దాటమంటే కాలు కదులుతుంది. "ఒకటి, రెండు" అని లెక్కపెట్టినా కదులుతుంది. చెయ్యి పట్టుకుని ముందుకు లాగకండి, పడిపోతారు. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా మాత్రని మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిపి వేస్తే కొందరికి సరిగా ఎక్కదు, వేళ ఎలా సర్దుకోవాలో డాక్టరుగారిని అడగండి. వాంతులు తగ్గడానికి ఎవరైనా మెటోక్లోప్రమైడ్ రాస్తే నాన్నగారికి పార్కిన్సన్స్ ఉందని గుర్తుచేయండి, అది జబ్బు లక్షణాలని పెంచుతుంది.

తోకచుక్క:
నేను న్యూరోసైన్స్ చదువుతున్నా. డీబీఎస్ దొరికిన కథ నాకు భలే ఇష్టం. ఇదివరకు వణుకు తగ్గడానికి మెదడు లోపల థాలమస్ అనే చోట చిన్న భాగాన్ని కాల్చేసేవాళ్లు. కాల్చేముందు సరైన చోటేనా అని కరెంటు ఇచ్చి చూసేవాళ్లు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీం-లూయీ బెనబిద్ అలా పరీక్షిస్తూ, ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్ దాకా పెంచితే వణుకు ఆగిపోవడం గమనించాడు. కరెంటు తీసేస్తే మళ్లీ వణుకు. మరి కాల్చడమెందుకు, కరెంటే ఉంచేస్తే పోలా? అలా మొదలైంది. అమెరికాలో వణుకుకి 1997లో, పార్కిన్సన్స్‌కి 2002లో అనుమతి.

కొత్త సంగతి, 2025 ఫిబ్రవరిలో అడాప్టివ్ డీబీఎస్‌కి ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. మామూలుది ఇరవైనాలుగు గంటలూ ఒకే రకంగా కరెంటు ఇస్తుంది. ఇది మెదడులోని బీటా అనే విద్యుత్ తరంగాలని వింటూ అవసరాన్ని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది.

అసలు కోత లేకుండా చేసేది ఇంకోటి ఉంది, ఫోకస్డ్ అల్ట్రాసౌండ్. ఎమ్మారై గదిలోనే హెల్మెట్‌లాంటిది పెట్టి వెయ్యికి పైగా శబ్దతరంగాలని ఒకే బిందువు మీదికి పంపి అక్కడ వేడి పుట్టిస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు, వణుకు తగ్గిందో లేదో అప్పుడే గీత గీయించి చూస్తారు. ఎసెన్షియల్ ట్రెమర్ (పార్కిన్సన్స్ కాని వేరే వణుకు జబ్బు)కి 2016లో, వణుకు ప్రధానంగా ఉన్న పార్కిన్సన్స్‌కి 2018లో అనుమతి. రంధ్రం లేదు కాబట్టి అమ్మగారికి ఇదే నచ్చుతుంది :) కానీ ఇది శాశ్వతంగా కాల్చేయడం. డీబీఎస్‌లా తర్వాత మార్చుకోవడం కుదరదు. నాన్నగారి అసలు ఇబ్బంది వణుకు కాదు కాబట్టి ఇది సరిపోతుందో లేదో డాక్టరే చెప్పాలి.

పాతలెక్చరర్:
ఒక్క మాట కలుపుతా. "ఇంకా ముదిరాక చూద్దాం" అని డీబీఎస్‌ని వాయిదా వేసే అలవాటు మనలో ఎక్కువ. 2013లో వచ్చిన ఎర్లీస్టిమ్ ట్రయల్ దీన్నే పరీక్షించింది. మందుల హెచ్చుతగ్గులు మొదలైన తొలినాళ్లలోనే ఆపరేషన్ చేసినవాళ్ల జీవితం, మందులతోనే నెట్టుకొచ్చినవాళ్ల కన్నా మెరుగ్గా ఉందని తేలింది. తూలిపడే దశకి, మతిమరుపు దశకి వచ్చాక అడిగితే చాలామందికి "కుదరదు" అనే జవాబే వస్తుంది.

కిటికీపక్కసీటు:
అక్కగారి స్టెమ్ సెల్స్ వీడియోల మీద ఎవరూ మాట్లాడలేదు. మా మామయ్య విషయంలో ఇదే జరిగింది. ఓ క్లినిక్ వాళ్లు సొంత కొవ్వులోంచి కణాలు తీసి వెన్నులోకి ఎక్కిస్తామన్నారు, డబ్బు కట్టించుకున్నారు, ఎక్కించారు. ఏ మార్పూ లేదు. ఫోన్ చేస్తే "ఇంకో రెండు విడతలు కావాలి" అన్నారు.

తోకచుక్క:
చాలా బాధగా ఉంది అన్నా. అసలు పరిశోధనకీ ఈ క్లినిక్‌లకీ ఏ సంబంధమూ లేదు. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో రెండు ట్రయల్స్ వచ్చాయి. ఒకటి ఉత్తర అమెరికాలో 12 మంది మీద, ఇంకోటి జపాన్ క్యోటోలో ఏడుగురి మీద. ప్రయోగశాలలో మూలకణాలని పార్కిన్సన్స్‌లో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాల తొలిరూపంగా పెంచి, ఆపరేషన్ చేసి నేరుగా మెదడులో నాటారు. వెన్నులో కాదు, సెలైన్‌లో కాదు. కణాలు బతికి డోపమైన్ చేస్తున్నాయని స్కాన్లలో కనబడింది, ప్రమాదకరమైన గడ్డలు పెరగలేదు. కానీ రెండూ ముందు భద్రత చూడడానికి చేసినవి, పోల్చి చూసే ఉత్తుత్తి మందు గుంపు లేదు. అమెరికా వాళ్లు పెద్ద ట్రయల్‌కి వెళ్లారు. వానచినుకు గారూ, అక్కకి ఒక్క ప్రశ్న వేయండి: డబ్బు అడుగుతున్నారా? నిజమైన ట్రయల్‌లో ప్రయోగం చేస్తున్న మందుకి మామూలుగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు.

ప్రశ్నార్థకం:
ఇది నేను రాయాల్సిన పోస్టు, తోకచుక్క రాసేసింది. ఇప్పుడు నా వంతు మెచ్చుకోలు. ఒంటి రోగనిరోధక శక్తే నరాల పైపొరని దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) మీద 2022లో వచ్చిన హార్వర్డ్ పరిశోధన చదివి నేను కూడా నోరు మూసుకున్నా. కోటి మందికి పైగా అమెరికా సైనికుల రక్తనమూనాలు వెతికి, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ఎంఎస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరుగుతుందని చూపించారు. సోకినవాళ్లలో అత్యధికులకి ఏమీ కాదు, అది వేరే సంగతి. మందుల్లో కూడా 1993 దాకా ఏమీ లేని జబ్బుకి ఇప్పుడు ఇరవై దాకా ఉన్నాయి.

ఫిజియోఅన్న:
వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల సంగతి కూడా రాస్తా, నా పనిలో రోజూ వచ్చే ప్రశ్న అదే. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రెగ్వార్ కూర్తీన్, జోస్లీన్ బ్లోక్ బృందం 2018లో వెన్నుపాము మీద కరెంటు ఇచ్చి నడిపించింది. 2023లో ఒకాయన మెదడు మీద పెట్టిన పరికరం ఆయన ఆలోచనని చదివి వెన్నులోని పరికరానికి వైర్‌లెస్‌గా పంపేలా చేశారు. ఊతకర్రలతో నడిచాడు, మెట్లెక్కాడు. చూడ్డానికి అద్భుతం. కానీ నా పేషెంట్లని అడిగితే నడక కన్నా ముందు చేతివేళ్లు, మూత్రం మీద అదుపు, బీపీ పడిపోకపోవడం కావాలంటారు. 2024 డిసెంబరులో మెడ మీద చర్మం పైనుంచే కరెంటు ఇచ్చే పరికరానికి, చేతి పట్టు మెరుగుపరచడానికి ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. పేపర్లలో నాలుగు లైన్లు కూడా రాలేదు. మావాళ్లకి మాత్రం అదే పెద్ద వార్త.

తోకచుక్క:
మాట పోయినవాళ్లకి మెదడు సంకేతాలతో మాట ఇవ్వడం కూడా రాయాలి! 2023 ఆగస్టులో ఒకేరోజు రెండు పరిశోధనలు వచ్చాయి, స్టాన్‌ఫర్డ్‌ది నిమిషానికి 62 మాటలు, శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లది 78. మనం మాట్లాడేది 160 దాకా ఉంటుంది. ఏడాదికి ఏఎల్ఎస్ ఉన్న ఒకాయనకి కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్లు 97 శాతం మాటలు సరిగ్గా పట్టే పరికరం పెట్టారు. జబ్బు రాకముందు ఆయన గొంతు రికార్డింగులు ఉంటే, వాటితోనే ఆ గొంతు వినిపించేలా చేశారు.

గోరింక:
ఇన్ని పెద్ద విషయాల మధ్య మూర్ఛ గురించి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మాయికి ఫిట్స్. రెండు మందులు మార్చారు, మూడోది నడుస్తోంది, అయినా నెలకోసారైనా వస్తుంది. నాలుగో మందు వేద్దాం అంటున్నారు. కొత్త వైద్యం ఏమైనా ఉందా?

రాత్రిడ్యూటీ:
ఉందమ్మా, పైగా సగం పాతదే, ఎవరూ చెప్పరు. ప్రపంచంలో మూర్ఛ ఉన్నవాళ్లు సుమారు 5 కోట్లు. సరైన మందు పడితే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా ఉండగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సరైనవే ఎంచి, సరైన డోసులో వాడినా రెండు మందులు విఫలమైతే, దాన్ని మందులకి లొంగని మూర్ఛ అంటారు. అక్కడ నాలుగోది, ఐదోది అని మారుస్తూ పోతే పూర్తిగా ఆగే అవకాశం బాగా తగ్గిపోతుంది. మూర్ఛకి ప్రత్యేకంగా ఉన్న సెంటర్‌కి పంపమని అడగడానికి ఇదే సమయం. ఆపరేషన్ చేయించుకోమని కాదు, పనికొస్తుందో లేదో పరీక్ష చేయించమని.

పాతలెక్చరర్:
దీనికి అంకె ఉంది. 2001లో కెనడాలో 80 మంది పెద్దవాళ్ల మీద ట్రయల్ చేశారు, అందరిదీ టెంపొరల్ లోబ్ (చెవి దగ్గరి మెదడు భాగం) నుంచి వచ్చే మూర్ఛే. ఆపరేషన్‌కి కేటాయించిన గుంపులో ఏడాది తర్వాత 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ పూర్తిగా ఆగాయి, మందులతోనే ఉన్న గుంపులో 8 శాతం మందికి. అందరి మూర్ఛా ఆ రకం కాదు, చిన్నపిల్లలకి ఆ అంకె యథాతథంగా వర్తించదు. ఇప్పుడు లేజర్‌తో సన్నటి రంధ్రంలోంచి ఆ భాగాన్ని కాల్చే పద్ధతీ, ఫిట్ మొదలవుతుండగానే పసిగట్టి కరెంటు ఇచ్చే పరికరమూ ఉన్నాయి. రెండోదానికి 2013లో పెద్దవాళ్లకి అనుమతి వచ్చింది. అమ్మాయి ఎదుగుతున్నకొద్దీ వాల్ప్రోయేట్ అనే మూర్ఛ మందు గురించి డాక్టరుతో తప్పక మాట్లాడండి, గర్భంలో బిడ్డకి హాని చేసే మందు అది. మీ అంతట మీరు మాత్రం ఆపకండి, హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు.

గోరింక:
పాపకి పదకొండేళ్లు. అలాంటి సెంటర్‌కి వెళ్తే ఏం చేస్తారు? ఏం తీసుకెళ్లాలి?

రాత్రిడ్యూటీ:
కొన్ని రోజులు అడ్మిట్ చేసుకుని వీడియో ఈఈజీ తీస్తారు, అంటే తలకి వైర్లు పెట్టి, కెమెరా ముందు ఉంచి, ఫిట్ వచ్చేదాకా చూస్తారు. మూర్ఛకి తగ్గట్టు సన్నటి ముక్కలుగా ఎమ్మారై మళ్లీ తీస్తారు, పాతది ఉన్నా సరే. ఇప్పటిదాకా వాడిన ప్రతి మందు పేరు, ఎంత డోసు దాకా వెళ్లారు, ఎందుకు ఆపారు, రాసుకుని వెళ్లండి. ఫోన్లో వీడియోలుంటే చాలా మేలు. ముందు పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఐదు నిమిషాలు దాటితే ఆంబులెన్స్ పిలవండి. ఇంకొకరు పక్కనుంటే వాళ్లని వీడియో తీయమనండి. మొదటి క్షణం నుంచి, దుప్పటి తీసేసి, మొహం చేతులు రెండూ కనబడేలా. మధ్యలో పాపని పేరుపెట్టి పిలవండి, ఒక రంగు పేరు చెప్పి తర్వాత అది గుర్తుందా అని అడగండి, చెయ్యి ఎత్తమనండి. తల ఎటు తిరిగింది, ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, తేరుకున్నాక మాట వెంటనే వచ్చిందా లేదా, వీటిని బట్టే ఫిట్ మెదడులో ఏ వైపు మొదలవుతోందో డాక్టర్లు సగం అంచనా వేస్తారు.